టోక్యోలో రీసెర్చ్ రెసిడెన్సీకి అప్లై చేద్దామనుకుంటున్నా (పెడన అచ్చులు, ఎడో సరస). వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త దారి చెప్పండి

పెడనమ్మాయి:

అందరికీ నమస్తే అండి. మాది పెడన, బందరు పక్కన. తాతయ్య అచ్చులు చెక్కేవారు, టేకు చెక్క మీద, ఇప్పుడు చూపు ఆనక మానేశారు గానీ ఇంట్లో ఇంకా మూడు ట్రంకు పెట్టెల నిండా పాత అచ్చులున్నాయి. నాన్న అద్దకం. నేను హైదరాబాద్‌లో ప్రింట్‌మేకింగ్ చదివి రెండేళ్ళైంది, ఇంటికొచ్చి నాన్నతో పాటు పని చేసుకుంటూ నా సొంత పని కూడా చేసుకుంటున్నా.

విషయం ఏంటంటే, కాలేజీలో ఉన్నప్పుడు ఒక మేడమ్ ఫోటోలు చూపించారు, జపాన్‌లో సరస అంటారంట, మన కోరమాండల్ తీరం నుంచి డచ్చివాళ్ళ ఓడల్లో వెళ్ళిన అద్దకం బట్టలు. అక్కడ వాటిని జానెడు జానెడు ముక్కలు చేసి టీ పొడి బుడ్డీకి సంచులు కుట్టుకునేవాళ్ళు, ముక్కల్ని పుస్తకాల్లో అంటించి దాచుకునేవాళ్ళు. అందులో ఒక ముక్క చూసి నేను ఆగిపోయాను, అంచు తీగె అచ్చం మా పెట్టెలో ఉన్న అచ్చులాగే ఉంది. తాతయ్యకి ఫోన్‌లో చూపిస్తే దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి ఇది మనదే అన్నారు. ఆ తర్వాత తెలిసింది, టోక్యోలోనే ఎడో సరస (ఎడో అంటే టోక్యో పాత పేరు) అని ఇప్పటికీ అద్దేవాళ్ళు ఉన్నారంట, కానీ చెక్క అచ్చుతో కాదు, కత్తిరించిన కాగితంతో.

అప్పట్నుంచీ ఇదే పట్టుకుంది నన్ను. టోక్యో ఆర్ట్స్ అండ్ స్పేస్ వాళ్ళ రెసిడెన్సీలో (కళాకారుల్ని పిలిచి కొన్నాళ్ళు అక్కడే ఉంచి పని చేసుకోనిస్తారు) రీసెర్చ్‌కి అని వేరే విభాగం ఉందని చూశా. నా డౌట్లు: పీహెచ్‌డీ లేకపోతే రీసెర్చ్ అంటే నమ్ముతారా? జపనీస్ అస్సలు రాదు, పర్లేదా? వెళ్ళి అక్కడ ఏం తయారు చేస్తానో రాయాలా? డబ్బు సంగతి ఎలా, మాకు అంత స్తోమత లేదు. ఇంకా ఇంట్లో అమ్మకి ఒక్కదాన్నే పంపాలంటే భయం. ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.

ఓరుగల్లు_గీతలు:

చెల్లె, నేను 2019ల జపాన్‌ల మూడు నెలలు రెసిడెన్సీ చేసొచ్చిన, కాగితం మీద, వాళ్ళ కోజో చెట్టు బెరడుతోని చేసే కాగితం గురించి. అది వేరే ఊరు, గని టోక్యోల కూడ పదిహేను రోజులు తిరిగిన. నాకు తెల్సింది చెప్తున్న, జర పెద్దగనే ఉంటది, చదువు.

మొదటి మాట, రీసెర్చ్ అన్నంత మాత్రాన పీహెచ్‌డీ కావాల్నని కాదు. ఆర్టిస్టులు, క్యూరేటర్లు, డిజైనర్లు అందరు పోతరు. వాళ్ళు చూసేది ఒక్కటే, నీ ప్రశ్న ఆ ఊర్లనే కూసొని ఎతుకాల్సిన ప్రశ్నా కాదా అని. హైదరాబాద్‌ల లైబ్రరీల కూసొని తేలే ముచ్చట అయితే నిన్ను అంత దూరం ఎందుకు పిలుస్తరు?

నా సంగతి చెప్త. నేను మొదటిసారి ఒక దగ్గర అప్లికేషన్ పెట్టిన, మూడు నెలలల్ల పన్నెండు పెద్ద బొమ్మలు ఏస్త, ఎగ్జిబిషన్ పెడత అని రాసిన. రాలే. మెయిల్ కూడ రెండు లైన్లే వచ్చింది, మస్తు బాధైంది. ఏడాది తర్వాత ఇంకో దగ్గరికి రాసినప్పుడు బొమ్మల మాట తీసేసిన. చెరియాల్ బట్టకు చింతగింజల అంబలి పట్టిస్తరు కద, ఆ బట్ట రంగును ఎట్ల పట్టుకుంటదో నాకు చేతికి తెల్సు, కోజో కాగితం ఎట్ల పట్టుకుంటదో చూడాలె, ఇద్దరు ముగ్గురు కాగితం చేసేటోళ్ళ దగ్గర కూసుంట, గంతే రాసిన. వచ్చింది. నా చేతి పని మారలే, పోర్ట్‌ఫోలియో మారలే, మారింది ప్రశ్న ఒక్కటే.

కాబట్టి నువ్వు రాయాల్సింది "సరస గురించి తెల్సుకుంట" అని కాదు. అది ఎవరన్న రాస్తరు. నీ పోస్ట్‌లనే అసలు ప్రశ్న ఉన్నది సూడు, చెక్కతోని పోయింది కాగితం ఎందుకైంది? అద్దకం చేసే చెయ్యి ఉన్న మనిషి మాత్రమే అడిగే ప్రశ్న అది. దాన్ని పట్టుకో.

ఇంకోటి, రీసెర్చ్ రెసిడెన్సీల ఆఖరికి చూపించేది పూర్తయిన పని కానక్కర్లేదు. నేనైతే నా గోడ మీద నమూనా ముక్కలు, నోట్సు, ఫోటోలు పెట్టిన, వచ్చినోళ్ళతోని మాట్లాడిన, గంతే. అందుకే ఏం తయారు చేస్తవో అని హైరానా పడకు, ఎవల్ని కలుస్తవు, ఏ మ్యూజియంల ఏం చూస్తవు, ఏ వారం ఏం చేస్తవు అన్నది మాత్రం మంచిగ రాయాలె. పేర్లతోని రాయాలె. "లోకల్ ఆర్టిజన్స్‌ను కలుస్త" అని రాస్తే చదివేటోళ్ళకు ఈమె ఇంకా ఎవల్నీ ఎతుకలేదని తెల్సిపోతది.

చిరువేరు:

పెడనమ్మాయి గారూ, మీ పోస్ట్ చదివి చాలా సంతోషమేసిందండి. నేను బట్టల చరిత్ర మీద పని చేస్తాను, అప్లికేషన్‌లో చరిత్ర తప్పు పోకుండా రెండు మాటలు చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

సరస అన్నదంతా బందరుదే అని రాయకండి. గుజరాత్‌ది ఉంది, కోరమాండల్‌లో కూడా బందరు నుంచి పులికాట్ దాకా చాలా చోట్లది ఉంది. "ఇది మనదే" అని తాతగారు అన్న మాట చాలా విలువైనదే, దాన్ని అలాగే రాయండి, కానీ అది ఒక అద్దకం మనిషి గుర్తుపట్టిన పోలికగా రాయండి, రుజువుగా కాదు. మీరు వెళ్ళేది ఆ పోలిక నిలబడుతుందా లేదా చూడ్డానికే కదా.

మన వైపు సంబంధం మాత్రం గట్టిది. డచ్చివాళ్ళు 1600ల మొదట్లోనే బందరులో దిగారు, కోట దగ్గర వాళ్ళ సమాధులు మీరు చూసే ఉంటారు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో కూడా వాళ్ళ స్థావరాలుండేవి. 1641 నుంచి యూరప్ వాళ్ళలో డచ్చివాళ్ళనొక్కళ్ళనే జపాన్ రానిచ్చింది, అదీ నాగసాకిలో దెజిమా అనే చిన్న దీవి వరకే. ఎరుపు సంగతి ఇంకా దగ్గర, చిరువేరు అనే ఎరుపు రంగు వేరు మన సముద్రపొడ్డు ఇసక నేలల్లో పండేది, పెటపొలి ఎరుపు అంటే ఆ రోజుల్లో పెద్ద పేరు, ఆ పెటపొలి మన నిజాంపట్నమే. 1869లో అలిజరిన్‌ని (ఆ వేర్లలో ఎరుపునిచ్చే పదార్థం) ఫ్యాక్టరీలో చేయడం కనిపెట్టాక చిరువేరు తవ్వేవాళ్ళకి పని పోయింది. (నా పేరు దానిదే, అందుకే కొంచెం ఎక్కువ చెప్పాను.)

ఇప్పుడు టోక్యో. మీరు ముందు చూడాల్సింది ఉఎనోలో టోక్యో నేషనల్ మ్యూజియం. హికోనె సరస అని ఒక సేకరణ ఉంది అక్కడ, హికోనె అనే సంస్థానాన్ని ఏలిన ఇయి (Ii) అనే వంశం వాళ్ళది, దాదాపు 450 ముక్కలు. ఇండియా నుంచి వెళ్ళిన బట్టలు ఒకే చోట అన్ని రకాలు దొరకడం అరుదండి, పైగా మన దగ్గర ఆ కాలం నాటివి మిగిలినవే తక్కువ, మనవాళ్ళు కట్టుకున్నారు, చింపారు, వాళ్ళు దాచుకున్నారు. అన్నీ ఎప్పుడూ బయట పెట్టరు, తోయోకాన్ అనే భవనంలో కింద అంతస్తులో ఆసియా బట్టలు మార్చి మార్చి పెడుతుంటారు. మిగతావి చూడాలంటే ముందే అర్జీ పెట్టి స్పెషల్ వ్యూయింగ్ అడగాలి. ఇక్కడే రెసిడెన్సీ పేరు పనికొస్తుంది, ఒక టూరిస్ట్‌గా అడగడం వేరు, టోక్యోలో ఒక సంస్థ ఆహ్వానం మీద వచ్చిన కళాకారిణిగా అడగడం వేరు. అప్లై చేసేలోపు కోల్‌బేస్ అనే వాళ్ళ ఆన్‌లైన్ కేటలాగ్ చూసుకోండి, ఫ్రీనే, ఏ ముక్క చూడాలో నంబర్‌తో సహా అప్లికేషన్‌లో రాయండి.

ఇంకోటి, 1778లో జపాన్‌లో సరస బెన్‌రాన్ అని డిజైన్ల పుస్తకం అచ్చేశారు, సరస పువ్వులు తీగెలు ఎలా వెయ్యాలో చూపిస్తూ. అంటే బట్ట అందని ఊళ్ళకి కూడా డిజైన్ పుస్తకంలో చేరిపోయింది. మీ చెక్క నుంచి కాగితం ప్రశ్నకి ఇది మధ్యలో మెట్టు అనిపిస్తుంది నాకు. జపాన్ నేషనల్ డైట్ లైబ్రరీలో పాత పుస్తకాలు బోలెడు డిజిటల్‌లో పెట్టారు, అక్కడ వెతకండి.

కాగితం ఎందుకు అన్నదానికి నా ఊహ ఒకటి చెప్తా. ఎడోలో సమురాయ్‌ల బట్టల మీద వేసే సన్న చుక్కల డిజైన్, కొమోన్ అంటారు, దాని కోసం కాగితం కత్తిరించే పని అప్పటికే బాగా నడుస్తోంది. ఆ కాగితాలు ఇసె వైపు నుంచి వచ్చేవి, కాగితం పొరలు అంటించి కాకి పండు (పర్సిమన్) వగరు రసం పట్టించి గట్టి చేస్తారు. చేతిలో అంత మంచి పనిముట్టు ఉన్నవాడు కొత్త డిజైన్ వచ్చిందని చెక్క దగ్గరికి ఎందుకు వెళ్తాడు? అయితే సాగా వైపు నబెషిమా సరసలో మాత్రం చెక్క అచ్చు, కాగితం రెండూ కలిపి వాడేవాళ్ళు. కాబట్టి చెక్క వాళ్ళకి తెలీక కాదు.

పెడనమ్మాయి:

చిరువేరు గారూ, చాలా థాంక్సండి, రెండు సార్లు చదివా. కాకి పండు రసం పట్టిస్తారు అన్నారు కదా, మేం బట్టకి కరక్కాయ, గేదె పాలు పట్టిస్తాం అద్దే ముందు, కరక్కాయ కూడా వగరే. వాళ్ళు వగరు కాగితానికి పట్టించారు, మేం బట్టకి పట్టించాం. ఇది ఇంతకుముందు తట్టలేదు నాకు.

అన్నా, నమూనాలు తీసుకెళ్ళొచ్చా? అచ్చులు విమానంలో రానిస్తారా?

ఓరుగల్లు_గీతలు:

తీస్కపో చెల్లె, తప్పకుండ తీస్కపో. అచ్చులు లగేజీల ఏస్కో, చేతి సంచిల పెట్టకు. చెక్క అంటే ఎయిర్‌పోర్ట్‌ల అడుగుతరు, మట్టి, పురుగు లేకుండ శుభ్రంగ తుడిచి తీస్కపో. మరీ పాతయి తీస్కపోకు, పోతే మల్ల రావు, నాన్నకు చెప్పి మూడు నాలుగు కొత్తయి చెక్కించు.

నీకు భాష రాదన్నవు కద. నాకూ రాకుండె. ఒక పెద్దాయన కాగితం చేసే దగ్గరికి పోయినప్పుడు, ఇంటర్‌ప్రెటర్ గంట సేపు మాట్లాడింది, ఆయన మర్యాదగ జవాబు ఇస్తున్నడు గని ముచ్చట ముందుకు పోతలేదు. నేను సంచిల నుంచి అంబలి పట్టిన చెరియాల్ బట్ట తీసి బల్ల మీద పెట్టిన. ఆయన దాన్ని తిప్పి ఎనుక దిక్కు చూసి, ఏలుతోని గీకి, వాసన చూసి, లోపలికి పోయి తన దగ్గరున్న కాగితాలు పది తెచ్చి పరిచిండు. ఆ తర్వాత ఇంటర్‌ప్రెటర్ మాట అక్కెర రాలే మాకు. అందుకే చెప్తున్న, నువ్వు కరక్కాయ పట్టిన బట్ట, కసిం (నలుపు తెచ్చే ఇనుప నీళ్ళు) అద్దిన బట్ట, అద్ది ఉడకెయ్యనిది, ఉడకేసినంక ఎరుపు తేలింది, ఇట్ల మెట్లు మెట్లుగ నమూనాలు చేసుకోని పో. అక్కడ అద్దకం చేసేటోళ్ళకు ఉడకేస్తే రంగు తేలుతదన్న ముచ్చట చూస్తే వాళ్ళకు కూడ అడగాలె అనిపిస్తది. ఎందుకంటే ఎడో సరసల రంగును కాగితం మీంచి బ్రష్‌తోనే నేరుగా రుద్దుతరు, జింక ఎంట్రుకల గుండ్రటి బ్రష్, ఒక్క డిజైన్‌కు 30 కాగితాల దాకా మారుస్తరు. మీ దగ్గర నాలుగైదు అచ్చులతోని అయిపోతది, మిగిలింది పటిక, ఇనుము చూసుకుంటయి.

ముందుగాల ఉత్తరం రాయి. మెయిల్ కాదు, జపనీస్‌ల రాయించి పంపు, పోయే మూడు వారాల ముందన్న పంపు. ఫోటో తియ్యొచ్చా అని ఉత్తరంలనే అడుగు, కొందరు ఒద్దంటరు, ఒద్దంటే మల్ల అడగొద్దు. నేను పోయినప్పుడు పూతరేకులు తీస్కపోయిన, మస్తు ఖుషైండ్రు, పలుచని కాగితం లెక్క ఉన్నది తినేది అని చేతులకు తీస్కోని ఎలుగుకు పెట్టి చూసిండ్రు.

నిషికసాయి_బాబాయ్:

అమ్మా, నేను టోక్యోలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నా, సాఫ్ట్‌వేర్, కళల గురించి నాకు పెద్దగా తెలీదు గానీ ఊరు మాత్రం బాగా తెలుసు కాబట్టి ఆ సంగతులు చెప్తాను.

మీరు చెప్పిన టోక్యో ఆర్ట్స్ అండ్ స్పేస్, 2001లో టోక్యో వండర్ సైట్ అని మొదలై 2017లో పేరు మారింది, నగర ప్రభుత్వం తరఫున నడిచేదే. హాళ్ళు హోంగోలో ఉన్నాయి, రెసిడెన్సీ బిల్డింగ్ మాత్రం సుమిదా వార్డులో తతెకావాలో, కికుకావా స్టేషన్ దగ్గర. ఆ లైన్ తొయెయ్ షిన్జుకు. అదే రైల్లో అటు అయిదు స్టాపులు వెళ్తే ఫునబోరి, అక్కడా నిషికసాయిలోనూ మనవాళ్ళు చాలామంది ఉన్నారు, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి అన్నీ దొరుకుతాయి. అమ్మగారికి ఇది చెప్పండి, ఆవిడ భయం సగం తగ్గుతుంది. మా ఆవిడ పండక్కి పిలుస్తానని ఇప్పుడే అంటోంది.

అదే రైల్లో ఇటు వెళ్తే షిన్జుకు, అక్కడ ఓఎడో లైన్ మారితే నకాయ్. నాకు ఈ సరస సంగతి ఇవాళే తెలిసింది గానీ నకాయ్ నాకు బాగా తెలుసు, ప్రతి ఫిబ్రవరిలో అక్కడ మ్యోషోజి అనే చిన్న నది మీద ఇటు గట్టు నుంచి అటు గట్టుకి అద్దకం బట్టలు వరసగా కట్టేస్తారు, సొమె నొ కొమిచి అంటారు, పిల్లల్ని తీసుకెళ్తుంటాం. ఒకప్పుడు అద్దకం వాళ్ళు బట్టల్ని నదిలోనే జాడించేవాళ్ళంట. కందా, అసకుసా వైపు నీళ్ళు పాడైతే మంచి నీళ్ళ కోసం ఎగువకి ఇటు వచ్చి స్థిరపడ్డారని అక్కడి బోర్డులో చదివా. ఒచియాయ్ అన్న పేరుకే రెండు నదులు కలిసే చోటని అర్థం. వసెదా దగ్గర ఒమొకగెబాషి ట్రామ్ స్టాపు పక్కన తొమితా అని పాత అద్దకం కార్ఖానా ఉంది, చిన్న మ్యూజియం కూడా పెట్టారు, కాగితం అచ్చులు లక్షకు పైగా ఉన్నాయంటారు. అమ్మా, మీ ప్రశ్నకి ఇదే అసలు ఊరు అనిపిస్తోంది.

వీసా: మూడు నెలల్లోపు అయితే షార్ట్ టర్మ్ సరిపోతుంది, 90 రోజులు, కానీ టూరిస్ట్ అని చెప్పి రావద్దు, పిలిచిన సంస్థ ఇచ్చే ఆహ్వాన పత్రం, షెడ్యూల్ జత చేసి పెట్టండి. అంతకన్నా ఎక్కువ రోజులైతే కల్చరల్ యాక్టివిటీస్ అని వేరే వీసా, దానికి ముందు ఇక్కడి ఇమిగ్రేషన్ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ రావాలి, అది సంస్థే చూసుకోవాలి, టైం పడుతుంది. ఆంధ్రా, తెలంగాణ రెండూ చెన్నై కాన్సులేట్ కిందకే వస్తాయి.

బందరు_కాలవ:

మా ఊరమ్మాయి అని చూసి ఆగాను. డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. రీసెర్చ్ విభాగాల్లో చాలా చోట్ల గది, కూర్చుని పని చేసుకునే చోటు ఇస్తారు, ఫ్లైట్, రోజు ఖర్చు ఎవరిదన్నది ఏ ఏడు నోటిఫికేషన్ ఆ ఏడు పూర్తిగా చదవాలి, విభాగానికి విభాగానికి మారుతుంది. మా చెల్లెలు అలాగే పైపైన చదివి సెలెక్ట్ అయ్యాక డబ్బు కోసం పరుగులు పెట్టింది. జపాన్ ఫౌండేషన్ ఢిల్లీ ఆఫీసు, బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, ఏషియన్ కల్చరల్ కౌన్సిల్ వీటి గడువులు ఇప్పుడే రాసిపెట్టుకో. పాత బ్లాగుల్లో 3331 ఆర్ట్స్ చియోదా పేరు కనిపిస్తే వదిలెయ్, 2023లో మూసేశారు.

టోక్యో ఒక్కదానికే పెట్టకు. ఫుకుఓకా ఏషియన్ ఆర్ట్ మ్యూజియం 1999లో మొదలైనప్పట్నుంచీ ఆసియా ఆర్టిస్టులతో పాటు రీసెర్చర్లని కూడా పిలుస్తూ వచ్చింది. పైగా అక్కణ్ణుంచి సాగా, నాగసాకి దగ్గర, నబెషిమా సరస, దెజిమా రెండూ ఆ వైపే. క్యోటో ఆర్ట్ సెంటర్ కూడా ఉంది, మూతబడ్డ ప్రైమరీ స్కూల్లో 2000లో పెట్టారు.

ఓరుగల్లు_గీతలు:

ఫుకుఓకా మాట నిజం, గని చెల్లె ప్రశ్న కాగితం గురించి, కాగితం ఎడోది. ముందుగాల టోక్యోకు పెట్టు, ఫుకుఓకాకు పెడ్తే ప్రశ్న మార్చి పెట్టు, ఒక్క కాగితమే రెండు చోట్ల పంపకు, వాళ్ళకు తెల్సిపోతది.

పెడనమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. బాబాయ్ గారూ, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా, ఫునబోరి ఎన్ని స్టాపులో రెండు సార్లు అడిగింది. పిన్ని గారికి నమస్కారాలు చెప్పండి.

రాత్రి కూర్చుని మొదటి పేరా రాశా, చూడండి:

"మా ఇంట్లో ఎరుపు చెక్క మీంచి రాదు. చెక్క బట్ట మీద పటికని పెడుతుంది, రంగు తర్వాత రాగి కాగులో ఉడికేటప్పుడు తేలుతుంది. అంటే మా అచ్చుకి రంగు కనిపించదు, అద్దేవాళ్ళు కనిపించని దాన్ని అద్దుతారు. ఎడోలో ఇదే డిజైన్ కాగితం మీంచి కనిపించే రంగుతో వేశారు. కనిపించనిది అద్దే చెయ్యికీ కనిపించేది అద్దే చెయ్యికీ తీగె ఎక్కడ మారింది? టోక్యో నేషనల్ మ్యూజియంలోని హికోనె సరస ముక్కలు, వసెదా, నకాయ్‌లలో ఈరోజు వాడుతున్న కాగితాలు, మా తాతయ్య అచ్చులు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాను."

చిరువేరు:

చాలా బాగుందండి. ఒక్క మార్పు, "ఇదే డిజైన్" అనొద్దు, "ఈ కుటుంబానికి చెందిన డిజైన్లు" అనండి. పటిక పక్కన నలుపుకి కసిం కూడా చేర్చండి, ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళని వాళ్ళకి అర్థమయ్యేలా. మిగతాది ముట్టుకోకండి.

ఓరుగల్లు_గీతలు:

"కనిపించని దాన్ని అద్దుతారు", ఈ లైన్ పైకి తే చెల్లె. మొదటి లైన్ అదే కావాలె.

పెడనమ్మాయి:

మార్చేశా అన్నా. చిరువేరు గారూ, అది కూడా మార్చాను. ఈ ఆదివారం తాతయ్యతో కూర్చుని ట్రంకు పెట్టెలు మూడూ తెరుస్తున్నాం, ఒక్కో అచ్చుకీ ఆయన ఏ పేరు పిలుస్తారో, ఎవరి దగ్గర నేర్చుకుని చెక్కారో రాసుకోవాలి, ఇన్నాళ్ళూ ఎవరం రాసుకోలేదు. అచ్చుకి సిరా పూసి కాగితం మీద ముద్రలు తీద్దామనుకుంటే తాతయ్య ఒప్పుకోలేదు, సిరా చెక్కలోకి దిగి పాడవుతుందన్నారు, కసిం నీళ్ళతోనే కరక్కాయ పట్టిన బట్ట మీద తియ్యమన్నారు. నాన్న బట్ట పట్టిస్తున్నారు ఇప్పుడు.